ఒప్పుకున్న గొర్రెపిల్ల

ధర్మవరంలో మా పక్కింటివాళ్ళు మొన్న డిసెంబరులో వరండాలో క్రిస్మస్‌కు యేసు పుట్టిన పశువుల పాక కట్టారు. ఎండుగడ్డి పరిచారు, రంగు బల్బులు వేలాడదీశారు. ఆ ఇంటి ఐదేళ్ళ పాప ప్లాస్టిక్ గొర్రెపిల్లనొకదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి "తాతా, దీన్ని యాడ పెట్టల్ల?" అని అడిగింది. నేను దాన్ని ఓ మూలకు, పైనుంచి నీళ్ళు చల్లినా తడవని చోట పెట్టాను. పాపకు నచ్చలేదు. తీసుకెళ్ళి బాలయేసు బొమ్మ ఉన్న తొట్టి పక్కనే పెట్టుకుంది. నీళ్ళ భయం నాకెందుకో పాపకు చెప్పాలంటే చాలా చెప్పాలి. మీకు తీరిక ఉంటే మీకు చెబుతాను.

నేను చదివింది హిందూపురంలో, ఫాదర్ల బడిలో. అంతా మగపిల్లలమే. హాస్టల్లో సగంమంది గుడిబండ, మడకశిర వైపు మెట్ట పల్లెలవాళ్ళం. అందరం కలిసి "గుడ్ మార్నింగ్ ఫాదర్" అని రాగం తీయడం తప్ప మాకు ఇంగ్లీషు రాదు. హెడ్మాస్టరు ఫాదర్‌గారిది కేరళ. ఆయన తెలుగంతా బైబిలు చదివి నేర్చుకున్నది కాబట్టి, మేం అల్లరి చేస్తే "ఏల గలభా చేయుచున్నారు?" అని అడిగేవారు. తిట్టినా ప్రార్థనలాగే వినపడేది. ఏటా క్రిస్మస్ సెలవులకు ముందురోజు మధ్యాహ్నం యేసు పుట్టుక నాటకం ఉండేది. అందులో ముగ్గురు రాజుల వేషాలు ఎప్పుడూ ధర్మవరం పిల్లలకే. వాళ్ళమ్మల పట్టుచీరలు కప్పుకుంటే ఏ రాజయినా వాళ్ళ ముందు దిగదుడుపే. చీర మీద సిరా పడితే తల్లులు ఏం చేస్తారోనని ఆ రాజులు స్టేజీ మీద వణుకుతూ నడిచేవారు. గొర్రెల కాపరుల వేషాలు మావి. మాకు వేషమెందుకు, ఇంట్లో ఉన్న గొంగళి తెచ్చుకుంటే చాలు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఫాదర్‌గారికి ఈసారి నిజమైన గొర్రెపిల్ల కావాలనిపించింది. మాది గొర్రెలు కాసే ఇల్లు గనక అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. మందలో ఎన్నో ఉన్నాయి గానీ, జనంలో బెదరకుండా నిలబడేది ఒక్కటే. ఈనగానే తల్లి చచ్చిపోతే, దసరా సెలవుల్లో నేను సీసాతో ఆవుపాలు పట్టి బతికించిన పొట్టేలుపిల్ల. మా అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. దారంతా అది ఆమె తమలపాకులు తింటూ వచ్చిందట.

నాటకం మొదలుపెట్టే ముందు ఫాదర్‌గారు స్టేజీ మీద కట్టిన పాకను ఆశీర్వదించారు. చిన్న గిన్నెలోంచి మంత్రించిన నీళ్ళు నాలుగువైపులా చల్లారు. నాలుగు చుక్కలు గొర్రెపిల్ల వీపు మీద పడ్డాయి. అది చెవుల దగ్గర మొదలుపెట్టి తోకదాకా ఒళ్ళు విదిలించింది. టౌను పిల్లలు నవ్వారు. పల్లెపిల్లలం మాత్రం బిగుసుకుపోయాం. మా జాతరల్లో అమ్మవారి ముందు పొట్టేలు మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలించిందంటే బలికి ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత దాన్ని వెనక్కి తోలుకుపోవడమనేది లేదు. నా పక్కన ఇంకో కాపరి, బత్తలపల్లి నుంచి వచ్చిన నా స్నేహితుడు, మెల్లగా "ఒప్పుకునిందప్పా" అన్నాడు. ముందు వరసలో మా అవ్వ లేచి నిలబడి చేతులు జోడించింది. నాటకంలో నేను చెప్పాల్సిన ఒకే ఒక్క మాట, 'అదిగో నక్షత్రం' అన్నది, నోట్లోంచి రాలేదు. గొర్రెపిల్లను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ రోజు నాకు దేవుళ్ళందరి మీదా కోపమొచ్చింది. నాది గొప్ప నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నాటకమయ్యాక ఫాదర్‌గారు వచ్చి "ఏల ఏడ్చుచున్నావు?" అని అడిగితే విషయమంతా చెప్పాను. ఇంతలో అవ్వ కూడా వచ్చింది.

"ఒప్పుకున్న జీవాన్ని ఇంటికి తోలుకపోగూడదు సామీ. ఇంగ ఇది మీ దేవునిది. మీ పద్ధతి ఎట్లుండాదో అట్ల చెల్లించుకోండి" అంది.

ఫాదర్‌గారు ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత నా వైపు చూశారు. అలాంటి ఆచారమేమీ తమలో లేదని కొట్టిపారేయవచ్చు, పాఠం చెప్పవచ్చు. ఆ రెండూ చేయలేదు. వెనక్కి తిరిగి తొట్టిలోని బొమ్మను చూపించి, "అమ్మా, మా స్వామి ఇప్పుడే జన్మించెను. పాలు తప్ప మరేమియు ముట్టడు" అన్నారు.

ఆరుగుర్ని పెంచిన మనిషి మా అవ్వ. వంగి బొమ్మను పరీక్షగా చూసింది. "అవునులే, ఇంకా పండ్లన్నా రాలేదు" అంది. మళ్ళీ ఏదో అనుమానం వచ్చి, "పెద్దయినాంక అడగడా?" అంది.

"ప్రతి సంవత్సరమును మరల జన్మించునమ్మా" అన్నారాయన, చాలా గంభీరంగా.

అలా ఆ గొర్రెపిల్ల దేవుడిదై బళ్ళోనే ఉండిపోయింది. ఫాదర్‌గారి గులాబీ మొక్కలు ఒక్కటి మిగల్చకుండా తిని, కొమ్ములు తిరిగిన పొట్టేలై, పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చే డ్రిల్లు సారును రెండుసార్లు గ్రౌండులో పడగొట్టింది. దేవుడి సొత్తని ఆయన విజిల్ ఊదడం తప్ప ఇంకేమీ చేయలేకపోయారు. నా పదో తరగతి అయ్యేదాకా అవ్వ ప్రతి డిసెంబరులోనూ బస్సెక్కి వచ్చేది. తిన్నగా ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళి, "ఈ ఏడు గుడక పాలేనా సామీ?" అని అడిగేది. "పాలే అమ్మా" అనేవారాయన. ఆమె తలూపి, తెచ్చిన పచ్చిమేత పొట్టేలుకు తినిపించి, దాని మెడ నిమిరి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది.

ఆయన మనసు ఎక్కడ మారుతుందో, అవ్వ దాన్ని ఎక్కడ చెల్లించమంటుందో అని నేను ఏటా గుండె చేత్తో పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. ఆ పొట్టేలు బతకాలని నాకెంత ఉందో ఆమెకూ అంతే ఉందనీ, దేవుడికిచ్చిన మాట తప్పకుండా దానికి ఇంకో ఏడాది సంపాదించడానికే అంతదూరం వచ్చేదనీ అప్పుడు తట్టలేదు. అది తెలియడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. ఫాదర్‌గారికి మాత్రం ఆ మొదటి మధ్యాహ్నమే, ఆమె ముఖం చూడగానే తెలిసిపోయింది.