చెరుకు బండిని ఎత్తని మనిషి

జహీరాబాద్‌లో నా రాతలు విని కన్నీళ్లు పెట్టుకోని మనిషి లేడు. గ్రంథాలయంలో నేను చదువుతుంటే బయట బస్సులు కూడా హారన్ కొట్టడం ఆపేశాయి. సరే, బస్సులు ఆపలేదు. ఏడ్చింది కూడా ఇద్దరే. అందులో ఒకాయనకు జలుబు.

ఇలా మొదలుపెట్టడం నాకు అలవాటు. సైకిల్ దుకాణం నడిపిన చేయి నాది. ట్యూబులో గాలి కొట్టినట్టే మాటల్లోనూ కొడతాను. కాకపోతే ట్యూబుకు ఎంత పట్టాలో నాకు తెలుసు.

దుకాణం మూసేశాక, జరిగిన సంగతులను కథలా రాయడం పట్టుకున్నాను. కల్పన కాదు, జరిగిందే రాయాలి. కానీ అందులో మనుషులు మాట్లాడాలి, వాసనలు తగలాలి, చదివేవాడు పక్కన కూర్చుని చూస్తున్నట్టుండాలి. చిక్కు ఎక్కడంటే, కాగితం మీద పెట్టగానే జరిగింది కాస్త చిన్నదిగా కనిపిస్తుంది. చేయి పంపు మీదికి పోతుంది.

పోయిన చలికాలంలో నా స్నేహితుడి కూతురు మా ఇంటికి వచ్చింది. స్నేహితుడిది మొగుడంపల్లి దగ్గరి పల్లె. చెరుకు నరికే రోజుల్లో బండి కట్టుకుని ఫ్యాక్టరీకి పోతూ, మా ఇంటి ముందు ఆపి, తిని పోయేవాడు. ఈ పిల్ల ఇంకా నడక నేర్వకముందే జ్వరమొచ్చి చనిపోయాడు. ఆమె ఇప్పుడు దవాఖానలో నర్సు. తల్లి కూడా పోయింది. తండ్రిది ఒకే ఒక్క ఫోటో మిగిలింది, అదీ నాతో కలిసి దిగింది. అందులో ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

“కాకా, నువ్వు రాస్తున్నవట గదా. మా నాయిన గురించి జర రాసియ్యి,” అంది. “ఎవల్నడిగినా మంచోడు అంటరు. మంచోడు అంటే నాకేం కనిపిస్తది?”

రాత గురించి ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అయినా చెవిన పెట్టలేదు. ఊపు మీదున్నాను.

రాశాను. చిరాగ్‌పల్లి మలుపులో చెరుకు బండి ఒరిగిపోయింది. నా స్నేహితుడు ఒంటి చేత్తో ఎత్తి నిలబెట్టాడు. ముంబై పోయే లారీలన్నీ ఆగి చూశాయి. ఎద్దులు కన్నీళ్లు కార్చాయి. ఆ ఎద్దుల కన్నీళ్లు నాకెంత నచ్చాయంటే, రెండు చోట్ల పెట్టాను.

ఆమె అరుగు మీద కూర్చుని చివరిదాకా చదివి, కాగితాలు మడిచింది.

“మస్తు రాసినవ్ కాకా. సినిమా జూసినట్టే ఉంది.”

“మరి?”

“కని గీయన మా నాయిన గాదు. గీయన రోడ్డు మీద కనవడితే దండం పెడ్త. నాయినా అని పిలువబుద్ధి గాదు.”

మర్నాడు ఆటో ఎక్కి చిరాగ్‌పల్లి పోయాను. మలుపులో ఒక రాయి మీద కూర్చున్నాను. లారీల దుమ్ము తింటూ కూర్చోగా కూర్చోగా, అసలు సంగతి మెల్లగా వచ్చింది. బండి ఒరగలేదు. చక్రానికుండే చీల ఊడి ఎక్కడో పడిపోయింది, అంతే. సైకిల్ మీద పోయి వేరే చీల తెచ్చింది నేనే. తిరిగొచ్చేసరికి ఆయన బండి నీడలో కూర్చుని చెరుకు నములుతున్నాడు. పక్కన పిప్పి కుప్ప.

“ఫ్యాక్టరోళ్లకు జర తక్కువైతది తమ్మీ, గంతే,” అన్నాడు.

ఇంటికొచ్చి అదే రాశాను. ఆ రోజు ఎండో మబ్బో గుర్తులేదు. గుర్తులేదనే రాశాను. ఆ మాట కాగితం మీద పెట్టడానికి బండి ఎత్తినంత బలం కావలసి వచ్చింది. ఇంకొక సంగతి కూడా గుర్తొచ్చింది. జొన్న రొట్టెను ఆయన మధ్యలోంచి తినేవాడు. చుట్టూరా అంచును వదిలేసేవాడు. అదీ రాసి, ‘ఇష్టమైనదాన్ని చివరికి దాచుకునే మనిషి’ అని ఒక వాక్యం తగిలించాను.

ఈసారి ఆమె రొట్టె దగ్గర ఆగిపోయింది.

“కాకా, నిజం జెప్పు. నేను తినంగ జూసి రాసినవా?”

“ఏంది బిడ్డా?”

“నేను గట్లనే తింట. అత్తగారింట్ల రోజూ తిడ్తరు, గిది రొట్టెనా, గాజా అని.”

నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో ఆమె ఎప్పుడూ చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. కానీ ఎద్దుల చేత కన్నీళ్లు కార్పించినవాడు నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

“అబద్ధమైతే ఇప్పుడే జెప్పు కాకా,” అంది. “నమ్మినంక జెప్తె తట్టుకోలేను.”

ఒట్టు పెట్టబోయి, నా ఒట్టుకు ఊళ్లో ఉన్న విలువ గుర్తొచ్చి ఆగాను.

“లోపలికి పోయి మీ చిన్నమ్మను అడుగు. నేను ఈడనే కూసుంట. సైగ గూడ చెయ్య.”

మా ఆవిడ నా రాతలు చదవదు. అసలు సంగతులు తనకు తెలుసు కదా అంటుంది. వంటింట్లో రొట్టెలు చరుస్తోంది. నేను అరుగు మీదే చెవులు రిక్కించి కూర్చున్నాను.

“చిన్నమ్మా, మా నాయిన రొట్టె ఎట్ల తింటుండె?”

“ఎట్ల తింటుండె? నడుమల తిని అంచులన్ని ఇడుస్తుండె. మాడినయో ఏమో అని నాకు మస్తు కోపమొస్తుండె.” చరుస్తున్న చప్పుడు ఆగింది. “మల్ల గా అంచులు రుమాల్ల కట్టుకొని పోతుండె. ఏందయ్యా అంటే, బిడ్డకు పండ్లొస్తున్నయి, కొరుకుతది అనె. నీ కోసమే గాదె!”

ఇది నాకు తెలియదు. ఎదురుగా కూర్చుని తిన్నవాణ్ని, నాకే తెలియదు. నేను చూసింది నిజమే, కారణం మాత్రం నేను కొట్టిన గాలి. ‘ఇష్టమైనదాన్ని చివరికి’ అన్న వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేశాను.

లోపలికి వెళ్లేసరికి ఆమె పొయ్యి పక్కన కూర్చుని ఉంది. మా ఆవిడ వేడి రొట్టె పళ్లెంలో వేసింది. ఆమె మధ్యలోంచి తుంచింది. అంచు దగ్గరికొచ్చేసరికి చాలాసేపు నమిలింది. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఇంకేం యాదికున్నయి చిన్నమ్మా?” అంది.

నేను స్టూలు జరుపుకుని కలం తీశాను.

“మనిషి గింత ఎత్తు ఉంటుండె,” అని మా ఆవిడ పిండి చేత్తో దర్వాజ పైభాగం చూపించింది.

“యాడిది చిన్నమ్మా! ఫోటోల గీ కాక భుజం దాకనే ఉన్నడు.”

“ఫోటోకు చెప్పులిడిసి దిగిండు గావొచ్చు!”

కూతురు నవ్వింది. తన తండ్రి సంగతిలో ఇంకొకరిది తప్పని గట్టిగా చెప్పి మరీ నవ్వింది. నేను మధ్యలో దూరలేదు. ఎత్తు సంగతి ఖాళీ వదిలేసి, కింద ఒక మాట రాసుకున్నాను. రుమాలు ఏ రంగుదో అడగాలి.