పాత కంప్యూటరు, అక్క తోట

"అదే చెప్తున్నా అన్నయ్యగారూ, ఆట పాడవలేదు. ఆట నిక్షేపంలా ఉంది. దానికి నచ్చనిది నా కంప్యూటరు. పెళ్ళిచూపులకొచ్చినట్టు ఇటోసారి అటోసారి చూసి, ఈ ఇల్లు మాకు సరిపడదండీ అని లేచిపోతోంది."

అంటూనే ఆవిడ లేచింది. మిషను మీద ఎర్ర దీపం వెలిగింది. దారం తెగిందన్నమాట. కళ్ళద్దాలు నుదుటి మీంచి కిందికి లాక్కుని, దారం కొస నోట్లో తడిపి, సూదిలోకి ఎక్కించి మీట నొక్కింది. నాలుగు సూదులూ మళ్ళీ టకటకమంటూ బట్ట మీద పడ్డాయి.

వీధిలో ఆవిడని బ్యాడ్జీలావిడ అంటారు. బడిపిల్లల జేబుల మీద, కాపలావాళ్ళ భుజాల మీద, ఆసుపత్రి కోట్ల మీద ఉండే గుర్తులన్నీ ఆ ఒక్క గదిలోనే పుడతాయి. గదిలో ముప్పాతిక వంతు ఎంబ్రాయిడరీ మిషనే. దాని ఫ్రేము అడ్డం రావడంతో తలుపు సగమే తెరుచుకుంటుంది. లోపలికి రావాలంటే ఎవరైనా సరే ఒక భుజం ముందు పెట్టి పక్కగా దూరాల్సిందే. కిటికీ ఉందిగానీ దానికి అడ్డంగా కంప్యూటరు బల్ల ఉంది. ఆవిడ అన్నయ్యగారని పిలిచే పై వాటా ఆయన, ఆఫీసు పని ఇంట్లోనే చేసుకునే మనిషి, మధ్యాహ్నాలు అలా పక్కగా దూరి వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఆవిడ టీ ఇస్తుంది, చెబుతుంది. ఆయన తాగుతాడు, వింటాడు.

ఆ మిషనుకి మాట చెప్పగలిగేది ఆ ఒక్క కంప్యూటరే. డిజైను పంపే ప్రోగ్రాము ఆ కంప్యూటరుని నడిపే పాత సిస్టం మీద తప్ప మరోదాని మీద నడవదు. ప్రోగ్రాము అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సిస్టం చేసినవాళ్ళేమో, దీని మంచిచెడ్డలతో మాకిక సంబంధం లేదని చేతులు దులుపుకున్నారు. అందువల్ల మిషను ఉన్నంతకాలం ఆ కంప్యూటరు ఉండాలి, కంప్యూటరు ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రెండింటి మధ్య, కుర్చీ వెనక్కి జరిపేంత చోటు కూడా లేకుండా, ఆవిడ.

మొదట్లో ఆ మిషను ఇద్దరిది, ఆవిడదీ వాళ్ళక్కదీ. దీన్ని అమ్మేసి కొత్తది తెద్దామని అక్క. అన్నం పెడుతున్నదాన్ని ఎలా అమ్ముతామని చెల్లెలు. మాటా మాటా పెరిగింది. నీకు కొత్తది నేర్చుకోవాలంటే భయం, అందుకే దీన్ని పట్టుకుని వేలాడుతున్నావని అక్క అంది. వెళ్ళేవాళ్ళకి ఎవరూ అడ్డం లేరని చెల్లెలు అంది. అక్క కత్తెర సంచిలో వేసుకుని, ఆ సగం తలుపులోంచి పక్కగా వెళ్ళిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్లు లేవు, రాకపోకలు లేవు.

ఉన్నదల్లా ఆట. పని పలచగా ఉన్న రోజుల్లో అక్కే దాన్ని కంప్యూటరులో పెట్టింది. ఏటి ఒడ్డున ఓ వీధి, వీధి పొడవునా తోటలు. అక్కది ఒకటి, పక్కనే చెల్లెలిది ఒకటి. అక్క వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఆవిడ ఆ ఛాయలకే పోలేదు. ఓ మధ్యాహ్నం ఊరికే తెరిచి చూస్తే, ఎండి వేలాడాల్సిన తన చిక్కుడు పాదు నవనవలాడుతోంది. ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో ఏమిటి, అక్కే. ఆవిడ బకెట్టు ఏట్లో ముంచి తెచ్చి అక్క తోటకి పోసింది.

అప్పటినుంచీ అదే వాడుక. ఎవరి తోటకి వాళ్ళు చుక్క పోసుకోరు. ఇది దానికి, అది దీనికి. తెర అడుగున మాటలు రాసుకునే గడి ఉంది. అందులో ఇద్దరూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు.

వాళ్ళాయనకి ఇది వేళాకోళం. ఫోను తీసి ఎలా ఉన్నావే అక్కా అంటే పోయేదానికి ఇంత సేద్యం దేనికని ఆయన దెప్పుతాడు.

"మీరూ మీ తమ్ముడూ ఫోన్లోనేగా రోజూ కొట్టుకుంటారు," అంది ఆవిడ ఓసారి. "మేం నీళ్ళు పోసుకుంటున్నాం. ఏది నయం?"

అలా సాగుతున్న ఆటని దాని తయారీదారులు కొత్తది చేశారు. పాతదాంతో వీధిలోకి ఇక రానిచ్చేది లేదన్నారు. కొత్తది ఎక్కించుకుంటే, ఈ సిస్టంలో నడవను అని ఒక్క ముక్క చెప్పి మూసుకుంటోంది. ఇంతలోనే ఇంకో దిగులు. పూర్తిగా ఎండిన తోటని ఆట పీకేసి ఖాళీ నేల చేసేస్తుంది. అక్క తన తోటకి తాను పోసుకోదు. ఆ పట్టుదల ఈవిడకి తెలియనిది కాదు, ఇద్దరూ ఒక్క తల్లి పిల్లలే.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. సంచితో సహా పక్కగా దూరి వచ్చాడు. సిస్టం మారిస్తే మిషను ప్రోగ్రాము పోతుందన్నాడు. రెండు సిస్టంలూ పక్కపక్కన పెట్టొచ్చుగానీ, డిస్కు చూశాక ఆయనకే ధైర్యం చాల్లేదు.

"మేడం, ఇది ఐసీయూలో పేషెంటు. మంచం కూడా మార్చకండి."

"మరి నా సంగతి?"

ఆయన మిషను వంక చూశాడు, టీ తాగాడు, వెళ్ళిపోయాడు.

ఇక ఆవిడే కొంగు బిగించింది. తనలాగే పాత కంప్యూటర్లతో కాపురం చేస్తున్నవాళ్ళు ఇంటర్నెట్టులో ఎందరో ఉన్నారు. వాళ్ళ మాటలు కూడబలుక్కుని చదివి, చిన్న ఫైలొకటి సంపాదించింది. ఇది ఏ సిస్టమని ఆట అడిగితే, కొత్తదేనని ఆ ఫైలు తడుముకోకుండా బదులిస్తుంది. ఆవిడ దానికి అబద్ధాలకోరని పేరు పెట్టింది. దాన్ని ఆట ఉన్న ఫోల్డరులోనే పెట్టాలని రాసి ఉంది. చదివింది కూడా. కానీ మిషనుకి నాలుగు తలలు, తలకో సూది. డిజైను ఎప్పుడూ అన్నిటికీ అందేచోట ఒక్కసారే పెట్టడం ఏళ్ళతరబడి అలవాటైన చెయ్యి. ఆ చెయ్యి తీసుకెళ్ళి ఫైలుని సిస్టం సొంత ఫోల్డరులో పెట్టేసింది.

ఆట తెరుచుకుంది. ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. తన తోట తడితడిగా ఉంది. అక్క తోటలో ఆకులన్నీ గోధుమరంగు. బకెట్టు పట్టుకుని ఏటికి పరుగెత్తింది. ఏరు లేదు. ఆ పాత కంప్యూటరుకి కొత్త నీళ్ళని గీయడం చేతకాలేదు. వీధి చివర బూడిదరంగు గోడలాంటిది, అంతే. గుర్తున్నచోట వంగింది, ఇంకో చోట వంగింది, బకెట్టు నిండలేదు. అంతలో వెనక మిషను ఆగిపోయింది.

ఒక డిజైను అయిపోయింది, రెండోది పంపాలి. ప్రోగ్రాము తెరిస్తే, ఇది కొత్త సిస్టం, ఇందులో నేను పనిచెయ్యను అంది. ఆట నమ్మిన అబద్ధాన్ని మిషను ప్రోగ్రామూ నమ్మింది. బ్యాడ్జీల కోసం వచ్చిన బడి గుమస్తా మెట్ల మీద కూర్చున్నాడు. ఆవిడ ఫైలు తీసేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టింది. అది లేవలేదు. నల్లటి తెర మీద గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. వాళ్ళాయన వచ్చి, ఇంట్లో ఒకరికని చెప్పిన అబద్ధం అందరూ వింటే ఇంతే మరి అన్నాడు. ఆ పూట ఆవిడకి నవ్వు రాలేదు. గుమస్తా విసుగెత్తి లేచే వేళకి, ఏ దేవుడు కరుణించాడో, అది లేచింది.

తర్వాత ఫైలుని చెప్పిన చోటే పెట్టి చూసింది. ఆట తెరుచుకుందిగానీ తోటల వీధి మొదట్లోనే ఆపేసింది. వీధిలోకి వదిలే కాపలా ప్రోగ్రాము ఆ ఫైలుని అడగదట, సిస్టంనే నేరుగా అడుగుతుందట. వీధిలోకి పోవాలంటే మిషను ఆగాలి, పోయినా అక్కడ ఏరు కనబడదు. మిషను నడవాలంటే వీధి ఉండదు. మార్చి మార్చి వాడుకుందామంటే, మారినప్పుడల్లా కంప్యూటరుని ఆపి లేపాలి. ఇంకోసారి లేస్తుందని ఎవరు పూచీ?

"మా అక్క అన్నదే నిజమేమో," అంది ఆవిడ ఇదంతా చెప్పుకొచ్చి, కొత్త బట్ట ఫ్రేములో బిగిస్తూ. "దీన్ని పట్టుకుని వేలాడుతున్నాను. ఇప్పుడు వదిలేద్దామన్నా ఇది నన్ను వదలదు."

పై వాటా ఆయన గ్లాసు కింద పెట్టి, తన కంప్యూటరు కొత్తదేనని, పైకి వచ్చి ఆడుకోవచ్చని అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మెట్లెక్కేలోపే దారం తెగుతుందంది. తెగినప్పుడల్లా మిషను ఆగిపోతుంది, ఎక్కించేవాళ్ళు లేకపోతే ఒప్పుకున్న బ్యాడ్జీలు ఎప్పటికవుతాయంది. మిషను చప్పుడులో కలిసిపోయే గొంతుతో ఇంకో మాట అంది.

"అయినా నేనొస్తే ఆ గడిలో ఏదో ఒకటి రాసేస్తాను అన్నయ్యగారూ. ఏం రాస్తానో నాకే తెలీదు."

ఎర్ర దీపం వెలిగింది. ఆవిడ దారం ఎక్కించి వచ్చి, లోపలికి వెళ్ళడానికి కావలసిన పేరూ రహస్యపదమూ చెప్పింది. రహస్యపదం చెప్పేటప్పుడు మొహమాటపడింది. అది చిన్నప్పుడు అక్క పెట్టిన ముద్దుపేరు.

"నా తోట జోలికి పోకండి. కుడిపక్కది మా అక్కది. ముందు చిక్కుడు పాదుకి పొయ్యండి, గులాబీలు ఇంకో రోజు ఆగుతాయి. మీరుండగా తను వచ్చినా మాట్లాడకండి, మీరని తెలియకూడదు. గ్లాసు అక్కడే వదిలెయ్యండి, నేను కడుక్కుంటాను. వెళ్ళండి, ఎండిపోకముందే పోసి రండి."