వెయ్యని ఆఖరి రీలు

మొన్న మధ్యాహ్నం టీవీలో ఓ పాత ఇంగ్లీషు ప్రేమకథ వేశారు. కాలేజీ రోజుల్లో తిరుపతిలో ఆదివారం మార్నింగ్ షోకు అక్కతో వెళ్లి చూసిన సినిమానే. కానీ దాని చివరి పది నిమిషాలు కళ్లారా చూడడం ఇదే మొదటిసారి. టీవీ కట్టేశాక చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

అక్క అంటే మా పెదనాయన కూతురు. తనకు ఇంగ్లీషు రాదు. నేను డిగ్రీ వెలగబెడుతున్నానని నన్ను దుబాసీగా పెట్టుకుంది. నేను సగం అర్థం చేసుకుని, మిగతా సగం కల్పించి చెవిలో చెప్పేదాన్ని. ఆ కథలో ఓడ మీద పనికి పోతూ హీరో తన చేతితొడుగుల్లో ఒకటి హీరోయిన్‌కిచ్చి, రెండోది తన దగ్గర ఉంచుకుంటాడు. ముట్టుకోవడాలేమీ లేవు. ఆ ఖాళీ తొడుగులోకి ఆమె వేళ్లు మెల్లగా దూరడం చూపిస్తారు, అంతే. తిరుపతి ఎండకు చెమటలు కక్కుతున్న మాకు తోలు తొడుగుల అవసరమేమిటో తెలియదు గానీ, అక్క నా మణికట్టును బిగించి పట్టుకుంది. చివర్లో ఆమె పెట్టె పట్టుకుని రేవులో నిలబడుతుంది, దూరంగా ఓడ దీపం కనబడుతుంది. అక్కడితో హాల్లో లైట్లు వెలిగాయి.

“వచ్చేసినాడు గదా పాపా?” అంది అక్క.

“వచ్చేసినాడు,” అన్నాను.

టైపు నేర్పే ఒకతను అక్క మనసులో ఉన్నాడని నాకు తెలుసు. ఆ వారమే అతను ఉద్యోగానికి మద్రాసు వెళ్తుంటే, అక్క తన లోలాకుల్లో ఒకటి ఇచ్చేసింది. అదెక్కడో పడిపోయిందని పెద్దమ్మ ఇల్లంతా వెతికించింది. నేనూ మంచాల కింద దూరి బుద్ధిగా వెతికాను. వచ్చే నెల మొదటి శుక్రవారం పొద్దుటి బండికి రేణిగుంటలో దిగి, తనను తీసుకుపోతానని చెప్పాడట. ఆ తర్వాత ఒక్క ఉత్తరం రాలేదు.

సినిమా హాల్లో టికెట్లు చింపే ఆయనది మా వీధే. ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు, మాటల్లో ఆ సినిమా సంగతి వస్తే నవ్వాడు. “ఇంగ్లీషు బొమ్మకి ఆఖరి రీలు యాడ ఏస్తామమ్మా? తరవాతాటకి తెలుగు బొమ్మ జనం గేటు కాడ తోసుకుంటా ఉంటారే!”

అందులో ఏముందని అడిగాను.

“ఏముండాది? ఓడ దిగినోళ్లలో వాడు ల్యాడు. ఆ దొరసాని ఒగతే నిలబడుకోని ఉంటాది.”

ఇంటికెళ్లేసరికి అక్క కూనిరాగం తీస్తూ చీరలు మడతపెడుతోంది. చెప్పలేకపోయాను. అది ప్రేమ కాదు, పిరికితనం.

శుక్రవారం పొద్దున వెళ్లిన అక్క చీకటి పడబోతున్నా రాకపోయేసరికి, భయం పట్టలేక పెదనాయనకు చెప్పేశాను. ఇద్దరం రేణిగుంట వెళ్లాం. అక్క ప్లాట్‌ఫారం బల్ల మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెదనాయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. అందుకే నాకు మరీ భయం వేసింది.

“లెయ్‌మ్మా, పోదాం.”

“ఇంకో బండి ఉండాది నాయనా.”

పదిహేను రోజుల్లో, భార్య పోయిన ఒకాయనకిచ్చి పెళ్లి చేశారు. పీటల మీదికి వెళ్లే ముందు, జడ సర్దుతున్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. “ఆ బొమ్మలోనన్నా నిజంగా వచ్చినాడు గదా పాపా?”

“వచ్చినాడక్కా,” అన్నాను. ఏళ్లు గడిస్తే ఆ అబద్ధం పాతబడుతుందనుకున్నాను. మేమిద్దరం ముసలివాళ్లమయ్యాం గానీ, అదింకా నిన్న చెప్పినట్టే ఉంది.