అత్తలకు పాఠం చెప్పిన నర్సమ్మ

మొన్న కడుపుతో ఉన్న మనవరాలిని పరీక్షకు తీసుకువెళ్ళినప్పుడు, మసక వెలుతురు గదిలో యంత్రంలోంచి పుట్టబోయే బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. ఎండిన నేల మీద ఎక్కడో దూరంగా జట్కాబండి పోతున్నట్టు టకటకమంటూ. అందరూ తెర వైపు చూస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఎర్రదుమ్ము, వేరుశనగ పొట్టు వాసన, తెల్లచీర కొంగు నడుముకు దోపుకున్న సుగుణమ్మగారు, అన్నీ గాలిలో తేలుతూ వచ్చాయి.

వజ్రాల కోసం నేలను పరీక్షించే వాళ్ళ దగ్గర మావారు గుమాస్తాగా చేరడంతో, కృష్ణా కాలువల పక్కన పెరిగిన నేను వజ్రకరూరు వచ్చాను. మాట్లాడేది తెలుగే అయినా, నీళ్ళు లేని ఆ ఆకాశం కింద నాకు పరదేశంలో ఉన్నట్టే ఉండేది. తొలికాన్పు పుట్టింట్లో జరిగింది. బాబు తొమ్మిదో రోజున పోయాడు. మళ్ళీ నెల తప్పినప్పటి నుంచి నా ప్రార్థన ఒక్కటే, ఈ బిడ్డనైనా నాకు దక్కనివ్వమని. అత్తగారు లేరు, ప్రయాణానికి ఒళ్ళు సహకరించలేదు, అక్కడే ఉండిపోయాను.

ప్రతి గురువారం మధ్యాహ్నం కడుపుతో ఉన్నవాళ్ళంతా ఆసుపత్రి అరుగు మీదికి రావాలని అక్కడి నర్సు సుగుణమ్మగారు దండోరా వేయించారు. నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు కాబట్టి, నా జీవితంలో నేను కూర్చున్న మొదటి తరగతి అదే. తొమ్మిదిమందిమి వచ్చాం. ఎనిమిదిమంది అత్తలు. కడుపుతో ఉన్నది నేనొక్కదాన్నే.

"కడుపుతో ఉండేది నువ్వా, నీ కోడలా?" అని సుగుణమ్మగారు మా పొరుగింటి ఓబులమ్మను అడిగారు.

"దానికి సిగ్గమ్మా. మోసేది అది, చూసుకునేది నేను గదా. నాకు చెప్పు, ఇంటికి పోయి చెప్తా."

ఆవిడ కోప్పడలేదు. అత్తలకే పాఠం మొదలుపెట్టారు. చీర అడ్డం కట్టి, నన్ను చాప మీద పడుకోబెట్టి, నా పొట్ట మీద పెట్టిన చెక్కగొట్టానికి ఒక్కొక్కరి చెవీ ఆనించారు. ఓబులమ్మ చాలాసేపు లేవలేదు. "ఏమప్పా ఇది, లోపల ఎవరో వడ్లు దంచుతాండారు," అంది మెల్లగా. మరుసటి గురువారం కోడలిని చెయ్యి పట్టుకుని తెచ్చింది.

ఒకరోజు తొలిపాల మాట వచ్చింది. వాటిని పిండి పారబోయవద్దని సుగుణమ్మగారు అంటే ఓబులమ్మ మూతి తిప్పింది. "పసుప్పచ్చగా చీము మాదిరి ఉంటాయి, యెట్ల తాపేది?"

"ఎనుము ఈనితే జున్నుపాలకు ఎగబడతారు గదా. దూడకు మంచివి, మీకు మంచివి, నీ మనవడికి మాత్రం చెడ్డవా?"

అరుగంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మా అమ్మ మూడు రోజులు నా పాలు పిండి ఇత్తడి గిన్నెలో పట్టి, తులసి మొదట్లో పోసింది. బాబుకు ఆముదం, చక్కెర నీళ్ళు పట్టింది. ఎంత ప్రేమగా పట్టిందో నాకు తెలుసు.

రెండు గురువారాలు వెళ్ళలేదు. సుగుణమ్మగారే మా ఇంటికి వచ్చారు. చెప్పకుండా ఉండలేక చెప్పాను. "నా బిడ్డను మేమే పోగొట్టుకున్నామాండీ?"

ఆవిడ మంచినీళ్ళు అడిగి, మెల్లగా తాగారు. "ఆ బిడ్డ ఎందుకు పోయినాడో నాకు తెలీదమ్మా. తెలుసంటే అబద్ధమైతాది. మీయమ్మ తనకు తెలిసిన మంచే చేసింది. గురువారం రా."

నొప్పులు వచ్చిన నాడు ఎన్నాళ్ళకో వాన. మందులకని పామిడి వెళ్ళిన సుగుణమ్మగారు పెన్న పొంగి అవతలే చిక్కుకుపోయారు. తెల్లారాక పాప పుట్టింది. మంత్రసాని గిన్నె అడిగింది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగను. కాన్పుకు తోడొచ్చిన ఓబులమ్మ వైపు చూశాను.

"ఆ గిన్నె అవతల పెట్టు," అంది ఓబులమ్మ.

"మూడు దినాలు ఆగల్ల గదా. నీ కోడళ్ళకు నువ్వే పిండితివి గదే," అంది మంత్రసాని.

"పిండినా. తెలీక పిండినా. ఇప్పుడు తెలిసింది." పాపను తెచ్చి నా రొమ్ముకు ఆనించింది. వాన చప్పుడులో పాప గుటకలు విన్నాను.

మూడో రోజున మోకాళ్ళ దాకా బురదతో సుగుణమ్మగారు వచ్చి, పాలు తాగుతున్న పాపను చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయారు. దేవుడే మిమ్మల్ని మాకు పంపాడన్నాను. "పంపితే పంపినాడులే. నేను ఏటి అవతలే కూచుంటి గదా," అన్నారు. ఆవిడ కొలిచే దేవుడి పేరు వేరు. అయినా నా పూజలో ఆవిడ పేరు తలుచుకోని రోజు లేదు.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. బొద్దుగా ఉన్న పాపను ఒళ్ళో వేసుకుని, "తొలిపాలు పిండలేదుటే?" అని అడిగింది.

"లేదమ్మా. ఇక్కడి నర్సమ్మగారు వద్దన్నారు."

"ఎందుకట?"

"ఏమో, ఇక్కడి పద్ధతి," అన్నాను. అమ్మ తలూపి పాపకు జోల పాడింది. అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ అంతకు మించి చెప్పలేదు. ఆ చెప్పని మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బరువుగా లేదు.