రైలు తరఫున క్షమాపణ

మేముండేది ధారూర్‌లో. నేను తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్లు చూస్తాను. పదో తరగతి చదివే మా బిడ్డ నవ్య రోజూ రైల్లో వికారాబాద్ బడికి పోతుంది. ఆ రోజు తనను స్టేషన్‌లో దింపి, నేను తాండూరు బస్సెక్కాను. ఆఫీసులో కూర్చున్న కాసేపటికే బడి నుంచి మెసేజ్ వచ్చింది: ‘మీ అమ్మాయి అనుమతి లేకుండా గైర్హాజరైనది.’

బడికి ఫోన్ చేస్తే, "రాలేదు మేడమ్, మాకేం తెలుస్తది?" అని పెట్టేశారు. నవ్య దగ్గర ఫోన్ లేదు. వికారాబాద్ బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. రైలు పట్టాలు కనిపించిన చోటల్లా కళ్లు మూసుకున్నాను.

నవ్య బడి గేటుకు ఎదురుగానే, కల్వర్టు మీద కూర్చుని ఉంది. రైలు లేటయిందట. ప్రార్థన అయ్యాక వస్తే గేటు తియ్యరట.

"కండ్ల ముంగట కూసున్న పిల్ల కనవడలేదా?" అని వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాను.

"గేటు బయటున్నోళ్లు మా లెక్కల లేరక్కా" అన్నాడు.

నవ్యతో లోపలికి పోతే ప్రిన్సిపాల్ తాపీగా చెప్పారు. "హాజరు తగ్గితే హాల్‌టికెట్ రాదు మేడమ్. ఇక లేటు కాదని క్షమాపణ రాసియ్యండి."

"రైలును నా బిడ్డ నడుపుతదా సార్?"

నవ్య నా కొంగు లాగింది. "అమ్మా, జర ఊకో. రేపు మళ్ల నేనే రావాలె గదా."

ఎవరికీ తగ్గని నేను పెన్ను తీసుకున్నాను. రైలు తరఫున నేనే క్షమాపణ రాసిచ్చాను.

క్రమశిక్షణ వద్దని నేననను. గేటు మూసేముందు బయట ఎవరి పిల్ల నిలబడిందో ఒక్కసారి చూడమంటున్నాను. ఫోన్‌లో మెసేజ్ మోగితే నాకిప్పటికీ ముందు పట్టాలే కనిపిస్తాయి.