తుడిచిన మిరపకాయలు

ఎండలు ముదురుతున్న రోజుల్లో గోదావరిఖని నుంచి వచ్చే బస్సు గంజ్ మలుపు తిరగగానే లోపలున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతారు. కిటికీ అద్దాలు మూసినా ఆగదు. కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరిన లారీల మీది నుంచి, యార్డు రేకుల కప్పుల కింది నుంచి ఎండుమిరప ఘాటు వచ్చి గొంతులో కూర్చుంటుంది. మొన్న పక్క సీట్లో ఉన్న కాలేజీ అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈ ఊరికి ఈ వాసన ఎప్పటి నుంచి ఉందని అడిగింది. నా చిన్నప్పటి నుంచీ ఉందన్నాను. ఇంకా ఏదో చెప్పాలనిపించింది గానీ ఆమె దిగాల్సిన చోటు వచ్చేసింది.

ఊరికి కాగితాల మీద వేరే పేరుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, గంజ్ అంటే చాలు. నా చిన్నతనంలో అది రెండు వీధులు, ఒక రేకుల షెడ్డు, మంగళవారం అంగడి. ఒక వీధిలో అడ్తి దుకాణాలుండేవి. రైతు తెచ్చిన పంటను అడ్తిదారు తన ముంగిట కుప్ప పోయించి, కొనేవాళ్ళకు చూపించి, మధ్యలో తన కమీషన్ తాను తీసుకునేవాడు. రెండో వీధిలో బట్టలు, బెల్లం, నాగలి కర్రులు, గనిలోకి వేసుకుపోయే బూట్లు అన్నీ పక్కపక్కనే అమ్మేవారు, గని జీతాలు పడిన వారం అందులో కాలు పెట్టే సందు దొరికేది కాదు. తొలకరికి ముందు పల్లి విత్తనాలు, దసరా నాటికి మక్కలు, చలికాలమంతా పత్తి, ఆ తర్వాత ఎండలు పోయేదాకా మిరప. ఏ నెలలో ఏ పంట దిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళం. హమాలీలు వీపు మీద బస్తాలతో, తొవ్వ ఇయ్యుండ్రని అరుచుకుంటూ పరుగులాంటి నడకతో పోయేవాళ్ళు, వాళ్ళకు అడ్డం రాకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాగితం పొట్లంలో వేడి జిలేబీ పాకం మోచేతి దాకా కారుతుంటే నాక్కుంటూ తినడం నాకు అంగడి మొత్తంలో ఇష్టమైన పని.

మా ఊరు కమాన్‌పూర్ దాటాక వచ్చే చిన్న పల్లె. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు, మొదటి షిఫ్టు దిగి వచ్చి, ముఖం కడుక్కుని, ఇంత తిని మళ్ళీ చేనుకు పోయేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళు అలాంటివే. గని సైరన్ విని పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు, పొద్దు చూసి చేనుకు పోయేవాళ్ళు. సాయంత్రం బొగ్గుల పొయ్యిలు ముట్టించగానే ఇళ్ళ కప్పుల మీద పొగ ఒక పొరలా పరుచుకునేది. మేం ఆడపిల్లలం బొగ్గు లారీల నుంచి రాలిన నల్లటి పలక ముక్కలు ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. అవి నున్నగా జారి అనుకున్న గడిలోనే ఆగేవి, మట్టి పెంకులతో ఆడే ఊళ్ళ పిల్లల్ని చూస్తే మాకు జాలి. సద్దుల బతుకమ్మకు అవ్వ నువ్వుల సత్తు, పల్లీల సత్తు, రొట్టెలు బెల్లంతో నలిపిన మలీద ముద్దలు చేసేది. పక్కింటి మహబూబీ చిన్నమ్మ పీర్ల పండక్కి మలీద పంపేది. ఆమె భర్త, బాపు ఒకే గనిలో ఒకే షిఫ్టు. ఎవరి మలీద తియ్యగా ఉంటుందన్నది రెండిళ్ళ పిల్లల మధ్య ఏడాది పొడుగునా తెగని పంచాయితీ.

చేను రెండెకరాలు, ఒక బావి. బాపు సాయం చేసినా చేను అవ్వదే. ఏ మడిలో నీళ్ళు నిలుస్తాయో, ఏ మూల చెట్టుకు ముడత వచ్చిందో ఆమెకు తెలిసినంత బాపుకు తెలియదు. మిరప కోతకు పోయే ఆడవాళ్ళు తెల్లారగానే మా అరుగు మీద చేరి చేతులకు ఆముదం రాసుకునేవారు. లేకపోతే మధ్యాహ్నానికి వేళ్ళ సందులు నిప్పు పెట్టినట్టు మండుతాయి, ఆ చేతులతో చంటిపిల్లను ఎత్తుకోవడానికి కూడా ఉండదు. ఆముదం, మిరప, చెమట కలిసిన వాసన అవ్వ కొంగుకు వేసవి అంతా ఉండేది, నేను ఆ కొంగు మీదే పడుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు ఊరికి ఉత్తరాన, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని మొదలైంది. మధ్యాహ్నం సైరన్ మోగగానే సారు మమ్మల్ని బడి గదిలోంచి బయటికి తోలి వాకిట్లో కూర్చోబెట్టేవాడు. కాసేపటికి కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలేది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత ఆకాశం మీదికి గోధుమ రంగు దుమ్ము. మొదట్లో మాకది ఆట, ఎవరు ముందుగా చెవులు మూసుకుంటే వాళ్ళు ఓడినట్టు. అటువైపు భూములున్నవాళ్ళు వాటిని గనికి ఇచ్చేస్తూ ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు. మా చేను గట్టు దగ్గరికి వచ్చేసరికి అవ్వ కాదంది.

ఆ మాట మీద ఇంట్లో చాలా రోజులు వాదన నడిచింది. ఇవాళ కాకపోతే రేపైనా ఇవ్వాల్సిందేనని బాపు అనేవాడు. అవ్వ ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకరోజు పళ్ళెంలో అన్నం పెడుతూ మాత్రం అంది: "నీకు డ్యూటీ ఉన్నది. చేను పోతే నాకేమున్నది?"

తర్వాత ఒక ఒప్పందానికి వచ్చారు. "సరే, ఈ మిరప మంచిగ పోతే బాయికి మోటరు పెడ్దాం, చేను ఉంచుకుందాం. పోకుంటే సంతకం పెడ్దాం. మల్ల నన్ను అనొద్దు" అన్నాడు బాపు. అవ్వ తలూపింది.

ఆ ఏడు కాపు బాగా వచ్చింది. కల్లంలో ఎండబోస్తే, దూరం నుంచి చూసేవాళ్ళకు ఎర్ర చీరలు ఆరేసినట్టుండేది. ఎండటం పూర్తయి బస్తాలకు ఎత్తాల్సిన వారంలో గాలి మళ్ళింది. రెండు రోజులు వరసగా ఉత్తరపు దుమ్ము వచ్చి కల్లమంతా కమ్మేసింది. కాయ గోధుమ రంగుకు తిరిగింది, పట్టుకుంటే వేలికి మసి. నీళ్ళతో కడిగితే బూజు పడుతుంది. ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతే తాలు కాయల లెక్కన కొంటారు. అవ్వ కల్లం మధ్యలో గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

మహబూబీ చిన్నమ్మ వచ్చి ఒక కాయ తీసి తన కొంగుతో తుడిచింది. లోపలి నుంచి ఎరుపు బయటికొచ్చింది. "ఏంది అక్కా గట్ల కూసున్నవ్? మన మొగోళ్ళు షిఫ్టు దిగొచ్చినట్టున్నయి, గంతే. మొఖం తుడిస్తె మనిషి కనబడ్తడు" అంది. అవ్వకు నవ్వొచ్చింది. దుమ్ము పడ్డాక నేను ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

మర్నాడు ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు మా కల్లంలో కూర్చున్నారు. పాత నూలు చీరలు చింపి తలా ఒక పీలిక. నడుమ ఆముదం గిన్నె, చేతులు మండినప్పుడల్లా అందులో వేళ్ళు ముంచి రాసుకోవడం, మళ్ళీ కాయ అందుకోవడం. ఒక్కొక్క కాయ, తొడిమ విరగకుండా, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇంత సేవ నా మొగుడికి చేసుంటే వాడు ఇల్లు వదిలి తిరిగేవాడు కాదని ఒక ముసలావిడ అంటే, అతన్ని తుడిస్తే కింద ఇంకా నలుపే బయటపడేదని ఇంకొకావిడ. ఎవరికీ కూలి లేదు, ఎవరూ అడగలేదు. నాలుగు రోజులు తుడిచారు. నాలుగో సాయంత్రానికి కుప్ప మెరిసిపోతోంది. అంత అందమైన మిరపను నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మంగళవారం బండి కట్టించి అవ్వ, బాపు, నేను గంజ్‌కు పోయాం. అడ్తి సేటు ముంగిట కుప్ప పోయగానే దారినపోయేవాళ్ళు ఆగి చూశారు, అవ్వ కొంగు సర్దుకుని కుప్ప పక్కన నిలబడింది. కొనేవాళ్ళలో పెద్దాయన, చెవిలో అత్తరు దూది పెట్టుకున్న మనిషి, వంగి ఒక కాయ తీశాడు. వాసన చూశాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి కాయను దాని మీద రుద్ది, రుమాలును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"నూనె పెట్టిన్రు" అన్నాడు.

"నూనె ఎందుకు పెడ్తం సేటూ? దుమ్ము పడ్డది, తుడిసినం" అంది అవ్వ.

"తుడిసిన్రా? ఒక్కొక్క కాయ?" ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "ఇగో, మిరపకాయలు తుడిసి తెచ్చిన్రట."

నవ్వారు. పాత సరుకుకు నూనె పట్టించి రంగు తెప్పించి మోసం చేసేవాళ్ళు అప్పట్లో ఉండేవారట, వాళ్ళకు మేమూ అలాగే కనపడ్డాం. అవ్వ మళ్ళీ చెప్పింది, ఈసారి గొంతు కొంచెం పెంచి, ఎవరెవరు తుడిచారో పేర్లతో సహా చెప్పింది. పేర్లు ఎవరికి కావాలి? వచ్చినవాళ్ళంతా ఒక్కో కాయ తీసి, రుద్ది, పడేసి పోయారు. అటూ ఇటూ ఉన్న కుప్పల మీద ధర రాసిన చీటీలు పడ్డాయి. మా కుప్ప మీద చీటీ పడలేదు.

అడ్తి సేటు చెడ్డవాడు కాదు. అందరూ పోయాక దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: "అక్కా, ఫికర్ చెయ్యకు. ఇంటికి తీస్కపొయ్యి రెండు దినాలు మీ ఊరి దుమ్ములనే పరువు. మెరుపు పోతది. వచ్చే అంగడికి నేనే అమ్మిపెడ్త."

తిరుగు బండిలో బాపు అదే మంచిదన్నాడు. అవ్వ రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏడుస్తోందనుకుని నేను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఇంటి దగ్గర మహబూబీ చిన్నమ్మ గడపలోనే ఎదురొచ్చి ఎట్ల పోయినయని అడిగితే, ఇవాళ రేటే లేదు చెల్లె అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. కాయలను మళ్ళీ దుమ్ములో పరవడానికి ఒప్పుకోలేదు. తుడిచిన ప్రతి ఇంటికీ ఏడాదికి సరిపడా పంచిపెట్టి, మిగిలింది కారం గిర్నీవాడు అడిగిన ధరకు ఇచ్చేసింది. ఆ నెలలోనే సంతకం పెట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తి బాపు ఆమెను ఏమీ అనలేదు, బాపును ఆమె అనలేదు.

అవ్వ సంతకం పెట్టకపోయినా చేను నిలిచేది కాదని నాకు తెలుసు. కొన్నేళ్ళకు ఊరికి ఊరే లేచిపోయింది. నిలిస్తే ఇంకో నాలుగైదు పంటలు ఆమె చేతి మీదుగా వెళ్ళేవి, అంతే. ఊళ్ళు లేచిపోతుంటే గంజ్ మాత్రం పెరిగింది. భూములిచ్చినవాళ్ళు దాని అంచున ఇళ్ళు కట్టుకున్నారు, రేకుల షెడ్డు పోయి పెద్ద యార్డు వచ్చింది, జిన్నింగు మిల్లులు, విత్తనాలు పురుగుమందుల దుకాణాలు, ట్రాక్టర్ల షోరూములు వచ్చాయి. ఇప్పుడు వేలం ఫోన్లలో నడుస్తోంది. మిరప లారీల మీద ఎక్కడెక్కడి నుంచో వస్తోంది, మా ఊళ్ళ పేర్లు రాసిన బస్తా ఒక్కటీ కనపడదు.

పత్రికలో చేరాక ధరల వార్త రాయడానికి ఒకసారి ఆ యార్డుకే పోయాను. కాయ నాణ్యత చూసే ఒక పెద్దమనిషి, రుమాలు మీద రుద్ది నూనె ఎలా కనిపెడతారో చూపించాడు. వేరే నూనె పట్టించక్కర్లేదని, కోత కూలీల చేతి ఆముదం ఎక్కువైనా రుమాలుకు తెలిసిపోతుందని అన్నాడు. నేను రాసుకోవడం ఆపేశాను. కల్లం మధ్యలో పెట్టిన గిన్నె, ఎనిమిదిమంది వేళ్ళు, నాలుగు రోజులు. ఆ రోజు అంగట్లో రుమాలు పట్టిన పెద్దాయన అబద్ధం చెప్పలేదు. అవ్వా చెప్పలేదు.

ఆ సాయంత్రమే అవ్వకు చెప్పాను. అప్పటికి బాపు లేడు, ఆమె గంజ్ అంచున కాలనీలో ఉంటోంది. చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండా వింది.

"నాకు గా దినమే ఎరుక. బండిల చేతులు వాసన చూసుకున్న" అంది.

"మరి ఎవలకూ ఎందుకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె బిడ్డా? కూలి లేకుంట నాలుగు దినాలు తుడిసిన్రు. మీ చేతుల నూనెకే నా చేను పోయిందని మహబూబీకి చెప్పాల్నా?" గింజలు చేటలోకి వేసింది. "కాయలు మల్ల దుమ్ముల పరిస్తె ఎందుకని అడుగకపోవునా ఆమె? అడిగితె ఏమందు?"

మహబూబీ చిన్నమ్మ పోయినేడు బెల్లంపల్లిలో కొడుకు దగ్గర చనిపోయింది. చివరిచూపుకు పోయి తిరిగి వస్తూ అవ్వ, ఒక్కసారి అటు పోదాం అంది. ఓపెన్‌కాస్టు అంచున కంచె దాకా పోయి నిలబడ్డాం. ఊరు, బడి, తొవ్వ, ఏదీ గుర్తుపట్టడానికి లేదు. అంచులంచులుగా దిగిపోయిన గుంతలో డంపర్లు చీమల్లా ఉన్నాయి. నేను కిందికి చూస్తూ, మన చేను ఎక్కడుండేదవ్వా అని అడిగాను.

అవ్వ కిందికి చూడలేదు. ఎదురుగా, మేం నిలబడ్డ ఎత్తులోనే, ఏమీ లేని చోటును చాలాసేపు చూసింది. అక్కడ ఒక గద్ద రెక్కలాడించకుండా తిరుగుతోంది.

"గా గద్ద ఉన్నది సూడు. గాడ" అంది చెయ్యెత్తి.

గద్ద ఇంకో చుట్టు తిరిగి పక్కకు జరిగిపోయింది. అవ్వ వేలు అక్కడే ఉంది.