మైదుకూరు మంచం మీద లియాన్ వీధులు

మైదుకూరులో అబీదా బీ రోజూ మధ్యాహ్నం నమాజు కాగానే మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని లియాన్ పట్టణంలో నడకకు బయలుదేరేది. లియాన్ ఉండేది ఫ్రాన్సులో. నడక ఫోన్లో. వేలితో తెరను నెడితే వీధి ముందుకు జరుగుతుంది, పక్కకు తోస్తే మలుపు తిరుగుతుంది. కువైట్‌లో పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో వండి వార్చి వచ్చిన నలభై ఏడేళ్ల మనిషికి ఆ బొమ్మల వీధిలో అడుగు వేయాలంటే చెమటలు పట్టేవి.

పట్టవా మరి? ఆ వీధిలో మనుషులకు ముఖాలు లేవు. కళ్లు, ముక్కు, నోరు అన్నీ తడిగుడ్డతో తుడిచేసినట్టు ఉంటాయి. ఎవరూ గుర్తుపట్టకుండా, వీధుల ఫోటోలు తీసి ఫోన్లో పెట్టే కంపెనీవాళ్లే అట్లా చేస్తారని కూతురు సాజియా నచ్చజెప్పింది. అయినా మొదటిరోజు ఒక మలుపులో ముఖం లేని ముసలాయన ఎదురుపడేసరికి అబీదా బీ ఫోనును దుప్పటి మీద బోర్లా పడేసింది. తర్వాత ధైర్యం కూడగట్టుకుని, ఎదురైన ప్రతివారికీ "బోంజూర్" అని పలకరించడం మొదలుపెట్టింది. వాళ్లు బదులు చెప్పరు కాబట్టి తప్పు పలికినా పరువు పోదు.

ఈ తిప్పలన్నీ దలాల్ తెచ్చిపెట్టినవే. దలాల్ కువైట్ యజమాని కూతురు, అబీదా బీ చేతిముద్దలు తిని పెరిగిన పిల్ల. పెళ్లయి ఇప్పుడు లియాన్‌లో కాపురం ఉంటోంది. ఆమె అత్త ఓదీల్ వేరే ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆ ముసలామెకు తోడుగా ఉండి, వండిపెట్టి, మందులు తెచ్చిపెట్టే మనిషి కావాలి. దలాల్ అబీదా బీ పేరే చెప్పింది. కాకపోతే వచ్చే మనిషితో తానే ఫోన్లో మాట్లాడతాననీ, తన ఇంటి నుంచి మందుల షాపుకు దారి ఎట్లాగో ఆ మనిషి ఫ్రెంచిలో చెప్పాలనీ ఓదీల్ పట్టుబట్టింది. నెల తర్వాత ఒక శుక్రవారం ఫోను చేస్తానంది. భర్త ఖాజా మొహిద్దీన్ పోయి రెండేళ్లయింది. ఈ పని దొరికితే సాజియా నర్సింగు చదువు గట్టెక్కుతుంది. దొరక్కపోతే మూడో ఏడాదిలోనే ఆగిపోతుంది.

సాజియా ఫోన్లో పాఠాలు చూసి నేర్పుతుంటే, అబీదా బీ నెల రోజుల్లో కుడికి "ఆ ద్రువాత్", ఎడమకు "ఆ గోష్" అని నోరు తిప్పుకుంది. దారిని మాత్రం మైదుకూరు పద్ధతిలోనే గుర్తుపెట్టుకుంది. ఇక్కడ వీధి పేర్లతో ఎవరికీ పనిలేదు. హనుమంతమ్మ పూలు కట్టే చోట తిరుగు, వీరభద్ర పంక్చర్లు వేసే చోటు దాటు అంటారు. వాళ్లు ఇరవై ఏళ్లుగా అక్కడి నుంచి కదిలింది లేదు. అబీదా బీ కూడా నిచ్చెన ఎక్కినాయన దగ్గర కుడికి, పసుపు గొడుగామె దగ్గర ఎడమకు అని లెక్క వేసుకుంది. నెలంతా వాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

గురువారం మధ్యాహ్నం ఫోను తెరిస్తే నిచ్చెన లేదు. గొడుగామె లేదు. వీధిని అడ్డంగా తవ్వి, మధ్యలో ఇనుప కంచెలు పెట్టారు.

"యాడికి పోయినారు వీళ్లంతా?" అని అబీదా బీ కూతురిని అడిగింది.

"కొత్త ఫోటోలు పెట్టినారు అమ్మీ. వాళ్లు ఆ పొద్దు ఆ దారిన పోతాండినారు, ఫోటోలో పడినారు, అంతే."

అప్పుడు అబీదా బీ ఎన్నడూ, ఎవరికీ చెప్పని మాట బయటపెట్టింది. కువైట్ వెళ్లిన మొదటి నెలలో రొట్టెలు తెమ్మని పంపితే, ఇంటి ముందున్న ఆకుపచ్చ కారును గుర్తు పెట్టుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి కారు లేదు. గోడలన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి. భాష రాక, నోరు తెరవడానికి భయపడి రెండు గంటలు ఎండలో నిలబడింది. యజమాని వచ్చి, తిట్టి తీసుకుపోయాడు. ఆ తర్వాత అక్కడున్నన్నేళ్లూ ఆమె ఆ గేటును ఒంటరిగా దాటలేదు.

"నా చేత కాదు సాజియా. దలాల్‌కు చెప్పు, వద్దని. ఆడ తప్పిపోతే నన్ను ఎతికేటోళ్లు ఎవరుండారు?"

సాజియా ఆరిన తన తెల్ల యూనిఫాం తెచ్చి మడత పెట్టుకుంది. అది చూశాక అబీదా బీకి వద్దని చెప్పించడానికి కూడా నోరు రాలేదు. ఆ పూటంతా కూర్చుని వీధుల పేర్లు బట్టీ పట్టింది.

శుక్రవారం ఫోను వచ్చింది. దలాల్ అరబ్బీలో పలకరించి పక్కకు తప్పుకుంది. తెర మీదికి ఓదీల్ వచ్చింది. బక్కమనిషి, తెల్లజుట్టు, అద్దాల వెనుక సూటిగా చూసే కళ్లు. నెల రోజులూ ముఖం లేనివాళ్లతో మాట్లాడిన అబీదా బీకి, నిజమైన ముఖం చూడగానే మళ్లీ ఫోనును బోర్లా పడేయాలనిపించింది. మందుల షాపుకు దారేదని ఓదీల్ అడిగింది. బట్టీ పట్టిన పేర్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. పక్కనున్న సాజియా చున్నీ కొసను పిడికిట్లో నలుపుతోంది.

"జె నె సే పా," అంది అబీదా బీ. నాకు తెలియదు. ఆ వెనకే ఇంకో మాట కూడా దొరికింది. "జె దమాంద్." అడుగుతాను.

ఓదీల్ అద్దాలు తీసి ఏదో చిన్నగా అడిగింది. భయమేస్తోందా అని అడుగుతోందని సాజియా చెవిలో చెప్పింది. పరాయి ఇంట్లో అన్నేళ్లు పనిచేసినా ఆమెను ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అబీదా బీ కళ్లు నిండిపోయాయి.

"వీ. బోకూ," అంది. అవును, శానా.

"మువా ఓసి," అంది ఓదీల్. నాకూ అంతే.

దలాల్ ముందుకు వంగి అరబ్బీలో చెప్పింది. పోయిన ఏడాది రోడ్డు మీద పడినప్పటి నుంచి అత్త ఒంటరిగా గడప దాటడం లేదట. ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ దారి గడగడా చెప్పి, ఆమెను వెనకే వదిలి చరచరా ముందు నడిచారట. నీతో అయితే బయటికి వస్తానంటోంది, ఎప్పుడు వస్తావని అడుగుతోంది అంది.

వీసా రాగానే వస్తానని చెప్పి అబీదా బీ, పట్టుకోమన్నట్టు చేతిని తెర ముందుకు చాపింది. అవతల ఓదీల్ కూడా తన చెయ్యి ఎత్తింది. పట్టుకున్నట్టే వేళ్లు ముడిచింది.